‘సేవలో ఉన్నాను’ అంటే ఏ సేవలో?

ఆదివారం ఆరాధన అయ్యాక సికింద్రాబాద్‌లో ఏ చర్చి మెట్ల దగ్గరైనా కాసేపు నిలబడండి. “మా తమ్ముడు సేవలో ఉన్నాడండీ” అనే మాట చెవిన పడుతుంది. బయటివాళ్ళకు ఈ వాక్యం సగంలో తెగినట్టుంటుంది. ఎవరి సేవలో? ఏం సేవ? మాకు మాత్రం సంగతంతా అర్థమైపోతుంది: తమ్ముడు ఉద్యోగం మానేసి పాస్టరయ్యాడు, వాక్యం చెబుతున్నాడు. మా వాడుకలో సేవకుడంటే మైకు ముందు నిలబడేవాడు. ఆయన వస్తే శాలువా కప్పుతాం, స్టేజీ మీద వెడల్పాటి కుర్చీ వేస్తాం. వెనక షెడ్డులో మూడొందల మందికి అన్నం వార్చిన అక్కను సేవకురాలని ఎవరూ అనరు. కృతజ్ఞతలు చెప్పేటప్పుడు “వంటలో సహాయం చేసిన సహోదరీలు” అని ఒక్క ముక్కలో కలిపేస్తారు, అదీ టైముంటే.

సేవ చేస్తే ఆత్మీయంగా ఎదుగుతామని ప్రతి సంఘంలోనూ బోధిస్తారు. ఎలా ఎదుగుతామో విడమరిచి చెప్పేవాళ్ళు తక్కువ. ఆ చిక్కులో సగం ఈ మాట దగ్గరే పడిందని నా అనుమానం.

బైబిల్లో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ఒక భోజనాల గొడవ ఉంది. యెరూషలేము సంఘంలో రోజూ ఆహారం పంచేటప్పుడు గ్రీకు మాట్లాడే విధవరాళ్ళను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు మొదలైంది. మన మాటల్లో చెప్పాలంటే పంక్తిభేదం. యేసు ముఖ్య శిష్యులైన అపొస్తలులు ఏడుగురిని ఎన్నిక చేయించి ఆ పని అప్పగించారు, తాము ప్రార్థనకూ వాక్యానికీ ఉండిపోయారు. ప్రసంగాల్లో కథ సాధారణంగా ఇక్కడితో ఆగుతుంది. వాక్యం పెద్ద పని, వడ్డన చిన్న పని అనే అర్థం కూడా దానంతటదే వచ్చేస్తుంది. కానీ గ్రీకు మూలం చూస్తే రెండింటికీ వాడింది ఒకే మాట, దియకోనియా. వడ్డించడం, కావలసినవి అందించడం దాని వాడుక అర్థం. తెలుగు బైబిల్లోనూ మొదటి వచనంలో ‘అనుదిన పరిచర్య’, నాలుగో వచనంలో ‘వాక్యపరిచర్య’ అని అదే మాట రెండుసార్లు పడింది. మనమే ఒకదాన్ని స్టేజీ ఎక్కించి రెండోదాన్ని వంటింట్లో వదిలేశాం.

ఆ ఏడుగురికి పెట్టిన అర్హత చూడండి: ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండినవాళ్ళు కావాలట. అన్నం పంచడానికి! మా కమిటీలైతే బండి ఎవరికుంది, వంటవాడు ఎవరికి తెలుసు అని అడుగుతాయి. పైగా ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందని సణిగిన వైపు వాళ్ళకే గరిటె ఇచ్చినట్టుంది. వాళ్ళలో ఒకడైన స్తెఫను తర్వాతి అధ్యాయంలో ప్రాణమిచ్చి, సంఘ చరిత్రలో మొదటి హతసాక్షి అయ్యాడు.

ఇక లెక్కల సంగతి. ఆఫీసులో నా పక్క సీటాయన, చాలా మంచివాడు, నేను ఆదివారాలు అన్నం పొట్లాలు పంచడానికి వెళ్తానని తెలిసి “పుణ్యం వస్తుందండీ” అన్నాడు. మా దగ్గర పుణ్యం లెక్క లేదండీ అనబోయి ఆగిపోయాను. మా దగ్గర అది వేరే పేరుతో ఉంది: ఆశీర్వాదం. చిలుకూరులో వీసా కోసం ప్రదక్షిణలు చేసేవాళ్ళను చూసి నవ్వే మావాళ్ళే, అబ్బాయి వీసా ఇంటర్వ్యూకి ముందు వారం అన్నదానానికి చందా రాస్తారు. ఖాతా పుస్తకం అట్ట మారింది, లోపలి పద్దులు అవే.

పౌలు ఈ ఖాతాను ఎఫెసీయుల పత్రిక 2వ అధ్యాయంలో వరుసగా మూడు వచనాల్లో కొట్టేశాడు. ఎనిమిదో వచనం రక్షణ (పాపం నుంచి విడుదల) కృప వల్లే, అంటే దేవుని ఉచితమైన దయ వల్లే, అంటుంది. తొమ్మిదోది క్రియల వల్ల కాదు గనుక ఎవడూ అతిశయపడే వీల్లేదంటుంది. మావాళ్ళు కంఠస్థం చేసేది ఈ రెండే. పదో వచనం వచ్చేసరికి, సత్క్రియలు చేయడానికే మనం సృష్టింపబడ్డాం అంటాడు. అంటే మంచి పని రక్షణకు ఇచ్చే వెల కాదు, దాని తర్వాత మొదలయ్యే నడక. 16వ శతాబ్దంలో జర్మన్ మతసంస్కర్త మార్టిన్ లూథర్ ఈ విషయం మీదే యూరప్‌ను కుదిపేశాడు. ‘క్రియలు లేని విశ్వాసము మృతము’ అన్న యాకోబు పత్రిక ఆయనకు గొంతులో ముల్లులా ఉండేది. 1522లో దాన్ని గడ్డి పత్రిక అని కూడా అన్నాడు. ఆ లూథరే అంతకు రెండేళ్ళ ముందు, 1520లో, క్రైస్తవుడు ఎవరికీ లోబడని స్వతంత్రుడు, అదే సమయంలో అందరికీ లోబడిన దాసుడు అని రాశాడు. ఆయన వాదనలో వైరుధ్యం లేదు. పరలోకంలో నీ లెక్క తేలిపోయింది కాబట్టి నీ చేతులు ఖాళీ అయ్యాయి, ఆ ఖాళీ చేతులు ఇప్పుడు పొరుగువాడికి పనికొస్తాయి. అంతే.

సరే, సేవ కూలి తెచ్చే పని కాదు. మరి ఎదుగుదల ఎక్కడినుంచి వస్తుంది?

నాకు తెలిసిన జవాబు పుస్తకంలో కంటే ముందు ఒక ఆసుపత్రి గేటు దగ్గర దొరికింది. మా సంఘం యూత్, కొందరు పెద్దలు కలిసి నెలకు రెండు ఆదివారాలు నగరంలో ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రి బయట పులిహోర, పెరుగన్నం పంచుతారు. లోపల పేషెంటుకు భోజనం పెడతారు. తోడొచ్చినవాళ్ళు మాత్రం రోజుల తరబడి ఫుట్‌పాత్ మీద దుప్పటి పరుచుకుని ఉంటారు. మొదటిసారి నేను వెళ్ళినప్పుడు బ్యానర్ కట్టాం, గ్రూప్ ఫోటో తీశాం. లైన్లో ముందున్న ఒక పెద్దమ్మను కదలొద్దన్నారు మావాళ్ళు. ఆమె పొట్లం పట్టుకుని అలాగే నిలబడి, కాసేపయ్యాక “ఫోటో దిగుడైందా సారూ, ఇగ తినమంటరా?” అంది. వెటకారం ఏమీ లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగింది. నీ కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదు అనే మత్తయి 6వ అధ్యాయం మీద మేము ముందు ఆదివారమే ప్రసంగం విన్నాం. స్టేటస్‌లో ఆ ఫోటోకి ఎన్ని లైకులు వచ్చాయో కూడా నాకు ఇంకా గుర్తుంది. (చెప్పను.)

ఆ తర్వాత నాలుగోసారో ఐదోసారో, ఒక మధ్యవయసు మనిషి పొట్లం తీసుకోకుండా చీటీ నా చేతిలో పెట్టాడు. “బువ్వ వద్దు సారూ, ఇండ్ల ఏం రాసిండ్రో చెప్పు.” స్కానింగ్‌కి రాసిన చీటీ అది, ఇంగ్లీషులో ఉంది. ఎక్కడికి వెళ్ళాలో చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. వెంట వెళ్ళాను. కౌంటర్ దగ్గర సంతకం కావాలన్నారు, వెనక్కి వచ్చాం. సంతకం పెట్టాల్సినాయన సీట్లో లేడు. గంట గడిచింది. బయట ఇంకా వంద పొట్లాలున్నాయి, మావాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. నాకు విపరీతమైన చిరాకు వచ్చింది. ఎవరి మీద? మొదట ఆసుపత్రి మీద అనుకున్నాను. కాసేపటికి తెలిసింది, ఆ మనిషి మీదే. నేను తెచ్చింది ఆయన తీసుకోలేదు. తనకు కావలసింది అడిగాడు. నా సేవ నా ప్లాన్ ప్రకారం జరగనివ్వలేదు.

ఇంట్లో తలుపు వేసుకుని ప్రార్థించేటప్పుడు నేను చాలా ఓర్పుగల మనిషిని. నా ఓర్పు కొలత ఎంతో తెలిసింది మాత్రం ఆ కౌంటర్ దగ్గర.

18వ శతాబ్దపు ఇంగ్లీషు బోధకుడు జాన్ వెస్లీ ఈ విషయాన్ని అందరికంటే సూటిగా పట్టుకున్నాడని నాకు అనిపిస్తుంది. ఆయన వెస్లియన్ పరంపర మనకు దూరపుది కాదు. సికింద్రాబాద్‌లో, మెదక్ ప్రాంతంలో ఆ మిషనరీలు కట్టిన సంఘాలే 1947లో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో కలిశాయి. దేవుని కృప మనిషిని చేరే దారులను వెస్లీ రెండు కట్టలుగా చెప్పాడు. ప్రార్థన, వాక్యం, ఉపవాసం, ప్రభురాత్రి భోజనం భక్తి క్రియలు. ఆకలిగొన్నవాళ్ళకు పెట్టడం, రోగిని, ఖైదీని చూడబోవడం కరుణ క్రియలు. రెండోవి మొదటివాటికి ఫలితాలు మాత్రమేనని మనం అనుకుంటాం. కాదు, అవి కూడా కృప ప్రవహించే కాలువలే అన్నది ఆయన మాట. రోగులను పరామర్శించడం గురించిన ప్రసంగంలో ఆయన డబ్బున్నవాళ్ళను నిలదీస్తాడు: ధనికులకు పేదల మీద జాలి లేకపోవడానికి ఒక పెద్ద కారణం, వాళ్ళ దగ్గరికి చాలా అరుదుగా వెళ్ళడమే. డాక్టరును పంపించు, డబ్బు పంపించు, రోగికి మేలే జరుగుతుంది, కానీ నువ్వు వెళ్ళకపోతే దేవుని పట్ల నీలో పెరగవలసిన కృతజ్ఞత, రోగుల పట్ల సానుభూతి నష్టపోతావు అంటాడు. 1760 నవంబరులో తన దినచర్య పుస్తకంలో కూడా, పేదలకు సాయం పంపడం కంటే స్వయంగా మోసుకెళ్ళడం ఎంత మేలో, వాళ్ళకూ మనకూ కూడా, అని రాసుకున్నాడు.

ఫోన్‌పేలో ఐదొందలు కొట్టి పక్కకు తిరిగి పడుకునే మన కాలానికి ఈ మాట ఇబ్బందికరమే. ఐదొందలతో ఎవరో ఒకరి కడుపు నిండుతుంది, అది తక్కువేం కాదు. కానీ ఆ చీటీ మనిషి మన ముందుకు రాడు. మనకు చిరాకు రాదు. చిరాకు రాకపోతే మనలో ఏం మిగిలి ఉందో మనకు తెలియదు.

ఇక్కడ తెలంగాణలో ఇంకో చిక్కు ఉంది, పుస్తకాలు రాసిన ఇంగ్లీషువాళ్ళకు తట్టనిది. ‘ప్రేమ కలిగినవారై యొకనికొకడు దాసులైయుండుడి’ అని గలతీయుల పత్రిక 5వ అధ్యాయం చెబుతుంది. మా సంఘాల్లో ఎక్కువమంది మాల మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు. నిజాం కాలంలో వాళ్ళ తాతముత్తాతలు దొరల గడీల్లో వెట్టి చేశారు. కట్టెలు కొట్టారు, మూటలు మోశారు, కూలి లేదు, కాదనే హక్కు అంతకన్నా లేదు. అలాంటి ఇంటి మనిషికి “దాసుడివి కావాలి” అని బోధిస్తే, అది సువార్తలా వినబడుతుందా, దొర గొంతులా వినబడుతుందా? గేటెడ్ కమ్యూనిటీ నుంచి కారులో వచ్చినవాడికీ, రోజంతా నలుగురి ఇళ్ళల్లో అంట్లు తోమి ఆదివారం చర్చికి వచ్చిన ఆమెకూ ఒకే ప్రసంగం ఒకే అర్థం ఇవ్వదు.

యేసు తన శిష్యుల కాళ్ళు కడిగిన యోహాను సువార్త 13వ అధ్యాయం ఈ ముడి విప్పుతుంది, మెల్లగా చదివితే. మన ఇళ్ళల్లో కాళ్ళు కడగడానికి ఒక దిశ ఉంది. పెళ్ళిలో మామగారు అల్లుడి కాళ్ళు కడుగుతాడు. ఊళ్ళో చుట్టం వస్తే ఇంటివాళ్ళు చెంబుతో నీళ్ళిస్తారు. ఎప్పుడూ తక్కువ స్థానంలో నిలబడ్డవాళ్ళే ఎక్కువ స్థానంలో ఉన్నవాళ్ళకు. పళ్ళెం, తువ్వాలు పట్టుకుని గురువు వంగడం మన కళ్ళకూ వింతే. యోహాను ఆ వింతకు ముందు ఒక వాక్యం పెట్టాడు: తండ్రి సమస్తమూ తన చేతికి అప్పగించాడని, తాను దేవుని దగ్గరనుంచి వచ్చానని, దేవుని దగ్గరికే వెళ్తున్నానని యేసుకు తెలుసు. తెలిసి లేచాడు, తువ్వాలు కట్టుకున్నాడు. ఎవరూ వంచలేదు ఆయన్ని. ఫిలిప్పీయుల పత్రికలో ‘తన్ను తానే రిక్తునిగా చేసికొనెను’ అన్నదీ ఇదే, ఖాళీ చేసుకోవడానికి ముందు నిండుగా ఉండాలి. వెట్టిలో ఈ ‘తెలిసి లేవడం’ ఉండదు. కాదనగలిగిన మనిషి ఔనన్నప్పుడే అది సేవ. కాబట్టి ఎన్నాళ్ళుగానో వంగి ఉన్నవాళ్ళకు ఆత్మీయ ఎదుగుదల మొదటి మెట్టు నిటారుగా నిలబడటం కావచ్చు. “ఈ వారం నేను చేయను” అనగలగడం కూడా కావచ్చు.

మా చర్చి వంటషెడ్డు గురించి ఆలోచించినప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది. క్రిస్మస్ భోజనాలైనా, ఉపవాస ప్రార్థన ముగింపు అయినా, గిన్నెల దగ్గర అవే ఐదారుగురు ఆడవాళ్ళు. వాళ్ళు ఇంట్లోనూ అదే చేసి వస్తారు. ఇది వాళ్ళను ఎదిగిస్తోందని స్టేజీ మీది నుంచి మేము చెప్పడం కొంచెం సిగ్గుమాలిన పని. 6వ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్టు తన మఠానికి రాసిన నియమావళిలో 35వ అధ్యాయమంతా వంటింటి గురించే. జబ్బుపడ్డవాళ్ళూ ముఖ్యమైన పనుల్లో ఉన్నవాళ్ళూ తప్ప అందరూ వంతులవారీగా, వారానికి కొందరు చొప్పున, మిగతావాళ్ళకు వడ్డించాలి. వంతు ముగిసినవాళ్ళు శనివారం తువ్వాళ్ళు ఉతికి, గిన్నెలు శుభ్రంగా అప్పగించాలి. దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ కలిసి అందరి పాదాలు కడగాలి. ఇందులో నాకు నచ్చినది ఆ వంతు. ప్రేమ పెరగాలని ఉపదేశించి ఊరుకోలేదాయన, చార్టు వేశాడు. ఈ ముక్క మా కమిటీలో చెప్పి చూశాను. అందరూ బాగుందన్నారు. చార్టు ఇంకా వేయలేదు.

ఈ నగరంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర సువార్తికుడు బక్త్ సింగ్ 1950లో మొదలుపెట్టిన హెబ్రోను అనే ప్రార్థనా మందిరం. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టిన ఆయన 2000 సెప్టెంబరులో కన్నుమూసే దాకా అదే ఆయన కేంద్రం. అక్కడి సంఘాల్లో ఆరాధన తర్వాత ప్రేమవిందు ఒక ఆనవాయితీ. కూటాల రోజుల్లో వేలమందికి వంట, కూరలు తరిగేది విశ్వాసులే. పెద్ద సంగతి వంట కాదు, పంక్తి. ఏ కులంవాడైనా అదే చాప, అదే అన్నం. ఒకప్పుడు ఊరి బయట విడిగా తిన్న మనిషికి, నలుగురి మధ్య కూర్చుని వడ్డించుకోవడమే ఒక ప్రసంగం.

అన్నం గురించి మాట్లాడుతూ ఒక పాత ఆరోపణను దాటేసి వెళ్ళలేం: అన్నం పెట్టి మతం మార్చారు అని. మెదక్ చర్చి గురించీ ఈ మాట వస్తుంది. మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని ఆ కట్టడం చేయించాడు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఊరికే పంచకుండా పని ఇచ్చాడు, ఆ తేడా కూలివాడికి తెలుస్తుంది. అప్పటి ఒక్కొక్కరి మనసులో ఏముందో ఇప్పుడు నేను తీర్పు చెప్పలేను. లూకా 17లో మాత్రం కొలబద్ద ఉంది. పదిమంది కుష్ఠరోగులు బాగుపడ్డారు, తిరిగి వచ్చి దణ్ణం పెట్టింది ఒక్కడే, వాడూ యూదులు దూరం పెట్టిన సమరయుడు. మిగతా తొమ్మిదిమంది ఎక్కడ అని యేసు అడిగాడు గానీ, వాళ్ళ స్వస్థతను వెనక్కి తీసుకోలేదు. పొట్లానికి కొక్కెం తగిలిస్తే అది వ్యాపారం. తీసుకునేవాడి సంగతి పక్కన పెట్టినా, ఇచ్చేవాడు అక్కడితో ఎదగడం ఆగి బేరం నేర్చుకుంటాడు.

దీనికి ఎదురుగా ఇంకో గొయ్యి ఉంది, అందులో పడేది మా యువతే. వారమంతా హైటెక్ సిటీలో ఉద్యోగం, శనివారం రిహార్సల్, ఆదివారం పొద్దున ఆరింటికి కెమెరాలు, కేబుళ్ళు, మధ్యాహ్నం మూడింటికి ఇంటికి. మీడియా టీమ్‌లో ఒక కుర్రాడు నాతో అన్నాడు, “అంకుల్, రెండేళ్ళలో నేను ఒక్క ప్రసంగం కూడా వినలేదు, రికార్డు చేశాను.” లూకా 10లో దారిలో దెబ్బలు తిని పడివున్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుని కథ, దాని వెంటనే యేసు వెళ్ళిన మార్త మరియ అనే అక్కాచెల్లెళ్ళ ఇల్లు పక్కపక్కన ఉండటం యాదృచ్ఛికం అనుకోను. మొదటి కథలో యాజకుడికి ధర్మశాస్త్రం తెలుసు, ఆగలేదు. రెండో కథలో మార్త ఆగకుండా పని చేసింది, కూర్చోలేదు. మార్త పనికి గ్రీకులో వాడిన మాట మళ్ళీ దియకోనియానే. యేసు ఆమె వంటను తప్పు పట్టలేదు. ఆమె తొందర, చెల్లెలి మీద ఫిర్యాదు, ఆ రెండింటినీ పట్టుకున్నాడు. పక్కవాళ్ళు ఏం చేయడం లేదో లెక్కపెట్టడం మొదలైందంటే కాస్త కూర్చోవాల్సిన వేళయింది.

సేవ చేస్తే మనసుకు హాయిగా ఉంటుంది, దేవుడు దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తుంది అని సాక్ష్యాల్లో వింటాం. ఒక్కోసారి నిజమే. కానీ దాన్ని కొలతగా పెట్టుకుంటే మదర్ తెరెసా ఫెయిలవుతుంది. ఆమె చనిపోయిన పదేళ్ళకు, 2007లో, ఆమె ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. దశాబ్దాల పాటు లోపల చీకటే తప్ప దేవుని సన్నిధి తెలియలేదని తన ఆత్మీయ గురువులకు రాసుకుంది. ఆ చీకటిలోనే మర్నాడు పొద్దున లేచి వీధిలోకి వెళ్ళింది. ఇది చదివి కొందరు ఆమె విశ్వాసాన్ని శంకించారు. నాకైతే, హాయి రాని ఆదివారాల్లో కూడా గేటు దగ్గరికి వెళ్ళడానికి అదే ధైర్యం.

ఇక మిగిలింది యేసు శిష్యుడు పేతురు. యోహాను 13లో అందరూ మర్చిపోయే సగం అతనిది. “నా పాదాలు నువ్వు ఎన్నడూ కడగకూడదు” అన్నాడు. వినయంలా కనిపిస్తుంది. యేసు దాన్ని వినయంగా తీసుకోలేదు. నేను నిన్ను కడగకపోతే నాతో నీకు పాలు లేదు అన్నాడు. ఇవ్వడం మాత్రమే తెలిసి తీసుకోవడం తెలియనివాడు ఎప్పుడూ పైమెట్టు మీదే ఉంటాడు, ఎంత వంగినా.

ఇది నాకు చదువుకుంటే అర్థం కాలేదు. రెండేళ్ళ కిందట రంజాన్ నెలలో మా నాన్నను ఆసుపత్రిలో చేర్చాం. ఐసీయూ బయట పొద్దుటినుంచీ కూర్చుని ఉన్నాను, ఇస్త్రీ చొక్కాతో, ల్యాప్‌టాప్ బ్యాగుతో. సాయంత్రం ఇఫ్తార్ వేళకు నలుగురైదుగురు ముస్లిం కుర్రాళ్ళు పొట్లాలతో వచ్చారు. నా దగ్గరికి వచ్చేసరికి “వద్దు బాబూ, తిన్నాను” అన్నాను. అబద్ధం. ఆ పొట్లం చూడగానే నేనెవరి వరసలో కూర్చున్నానో తెలిసి చెవులు వేడెక్కాయి. ఆ కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో. నా మొహం చూశాడు, పొట్లం నా ఒళ్ళో పెట్టేశాడు. “లేలో అంకుల్.”

విప్పితే బగారా అన్నం, పక్కన చిన్న కవర్లో దాల్చా. ఇంకా వేడిగా ఉంది. షుక్రియా అందామని తలెత్తేసరికి అతను అవతలి బెంచీ దగ్గర వేరే ఎవరితోనో “లేలో” అంటున్నాడు.